ఆల్కలైన్ నీళ్ళతో నిమ్మరసం, రాగిజావ, పప్పు: ఎవరైనా ఇంట్లో వాడి చూశారా?

మియాపూర్ కోడలు | శనివారం ఉదయం 7:40

అందరికీ నమస్తే. మేము మియాపూర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, నల్లా నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి, మిగతాదంతా బోరే, ఎండాకాలం ట్యాంకర్. పోయిన ఆదివారం మా కమ్యూనిటీ హాల్‌లో వాటర్ ప్యూరిఫైయర్ల వాళ్ళు వచ్చి డెమో పెట్టారు. రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచితే మా నల్లా నీళ్ళు రెండు నిమిషాల్లో బురదలాగా అయిపోయాయి, వాళ్ళ మెషిన్ నీళ్ళు తేటగానే ఉన్నాయి. అందరం భయపడిపోయాం, పిల్లలకి ఇన్నాళ్ళూ ఇవేనా పట్టింది అని. తర్వాత ఏవో రంగు చుక్కలు వేస్తే వాళ్ళ నీళ్ళు ఊదా రంగుకొచ్చాయి, అది ఆల్కలైన్, అంటే క్షారం అట, ఆమ్లం క్షారం కొలిచే పీహెచ్ అంకె 9.5 అట. నిమ్మరసం, రాగిజావ, మజ్జిగ, పప్పు, అన్నం అన్నీ వీటితోనే చేసుకోమన్నారు. ఉన్న ఆర్ఓ ఫిల్టర్‌కి కార్ట్రిడ్జ్ బిగిస్తే 1,800, పెద్ద మెషిన్ అయితే రెండు లక్షల పైన.

మా మామగారికి 64 ఏళ్ళు, బీపీ మాత్ర వేసుకుంటారు, ఏడాదిగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. ఆ డెమో చూసిన దగ్గర్నించి పెద్ద మెషిన్ కొందాం అంటున్నారు. డబ్బు సంగతి అలా ఉంచి అసలు వంటలో, జ్యూసుల్లో దీనివల్ల తేడా ఉంటుందా, వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్ | శనివారం ఉదయం 8:15

నేను ఏడాదిన్నర నుంచి వాడుతున్నా అక్కా, కార్ట్రిడ్జ్ టైపే. మాకు ఆర్ఓ నీళ్ళు చప్పగా ఉండేవి, తాగబుద్ధి అయ్యేది కాదు, ఇవి కొంచెం రుచిగా ఉంటాయి అందుకని ఎక్కువ తాగుతున్నా. నైట్ షిఫ్టుల వల్ల నాకు విపరీతమైన ఎసిడిటీ ఉండేది, ఇప్పుడు చాలా తగ్గింది. కాకపోతే నిజం చెప్పాలి కాబట్టి ఇది కూడా చెప్తున్నా, అదే టైంలో నేను రాత్రి మూడింటికి తాగే టీలు మానేశా, తినగానే పడుకోవడం కూడా మానేశా. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. కానీ తాగితే హాయిగా ఉన్న మాట మాత్రం నిజం.

కెమిస్ట్రీ మాస్టారు | శనివారం ఉదయం 9:05

అమ్మా, ముందు ఆ కడ్డీల సంగతి చెప్తాను, ఎందుకంటే దానితోనే అందరూ భయపడుతున్నారు. 26 ఏళ్ళు ఇంటర్ పిల్లలకి విద్యుద్విశ్లేషణ చెప్పాను. నల్లా నీళ్ళలో లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు పారుతుంది, పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పు అవుతుంది. గ్లాసులో మీకు కనపడిన బురద ఆ కడ్డీది, మీ నీళ్ళది కాదు. ఆర్ఓ నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగ్గా పారదు, అందుకే తేటగా ఉంటాయి. ఈసారి వాళ్ళొస్తే ఆ తేట నీళ్ళలో మన ఇంటి ఉప్పు చిటికెడు వేసి అవే కడ్డీలు ముంచమనండి, అవీ బురదే అవుతాయి. ఏ మురికీ కలపకుండానే!

పిల్లలకి విషం పట్టామేమో అని బాధపడకండి. నీళ్ళు మంచివా కాదా అన్నది ఆ డెమో చెప్పదు, ల్యాబ్ చెప్తుంది.

ఇక పీహెచ్. 7 అంటే తటస్థం, పైకి వెళ్తే క్షారం, కిందకి వస్తే ఆమ్లం. ఒక్కో అంకెకి పది రెట్లు తేడా. తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించింది, దాని ప్రకారం పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. 9.5 అంటే ఆ పరిధి దాటినట్టే. ఇంకో మాట, కడుపులో ఆమ్లం పీహెచ్ 1.5 నుంచి 3.5 దాకా ఉంటుంది, అక్కడికి ఈ గ్లాసుడు నీళ్ళు వెళ్ళి ఎంతసేపు క్షారంగా నిలుస్తాయో మీరే ఆలోచించండి.

మియాపూర్ కోడలు | శనివారం ఉదయం 9:30

మాస్టారూ, కడ్డీల మాట చదివి మా ఆయన వెంటనే గ్రూపులో ఫార్వర్డ్ చేశారు, చాలా థాంక్స్ అండి. కానీ పొద్దున్నే నిమ్మకాయ నీళ్ళు ఈ ఆల్కలైన్‌తో కలుపుకుంటే డబుల్ లాభం అన్నారు, అది?

కెమిస్ట్రీ మాస్టారు | శనివారం ఉదయం 10:10

నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 3 మధ్య. అరచెక్క పిండగానే గ్లాసు మొత్తం ఆమ్లం అయిపోతుంది. మీరు 1,800 పెట్టి కొన్న క్షారం మొదటి కొన్ని చుక్కలకే సరి. పీహెచ్ అంకె పెద్దదైనంత మాత్రాన బలం ఎక్కువ అని కాదమ్మా, ఇది అందరూ పొరపడే చోటు. ఉదాహరణకి తినే సోడా నీళ్ళలో కలిపితే పీహెచ్ సుమారు 8.3 మాత్రమే, ఆ మెషిన్ అంకె కంటే తక్కువ, కానీ ఆమ్లాన్ని విరిచే సత్తా దానికి ఎన్నో రెట్లు. ఎందుకంటే అందులో కరిగిన పదార్థం ఎక్కువ. కార్ట్రిడ్జ్ నీళ్ళలో కరిగినది చాలా తక్కువ, అంకె మాత్రం పైకి లేస్తుంది. అందుకే ఎవరైనా పీహెచ్ ఎంత అని చెప్తే అందులో ఏం కరిగింది, ఎంత కరిగింది అని అడగాలి.

మజ్జిగ కూడా అంతే, దాని పీహెచ్ 4, 4.5 దగ్గర. పెరుగులో ఏ నీళ్ళు పోసి చిలికినా అది మజ్జిగే.

టిఫిన్ సెంటర్ అన్న | శనివారం మధ్యాహ్నం 2:50

ఇప్పుడే గిరాకి తగ్గింది, చదివిన. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర పదకొండేండ్ల నుంచి టిఫిన్ సెంటర్ నడుపుతున్న. నీళ్ళ సంగతి మాకు తెలిసినట్టు ఎవ్వరికి తెల్వదు, ఎందుకంటే నీళ్ళు మారిన రోజు మొదలు సాంబార్ల తెలుస్తది.

బోరు నీళ్ళల్ల కందిపప్పు ఉడకదు. ఉడికినట్టే ఉంటది కానీ పలుకు పలుకు నిలబడతది, గరిటెతోని ఎంత మెదిపినా పైన నీళ్ళు కింద పప్పు. కృష్ణా నీళ్ళు వచ్చిన రోజు అదే పప్పు అదే కుక్కర్ అదే విజిళ్ళు, వెన్నలెక్క అయితది. మొదట్ల నేను పప్పు దుకాణపాయనతోని కొట్లాడిన పాత పప్పు ఇచ్చినవని, పాపం ఆయన తప్పు ఏం లేకుండె.

శనగలకు సోడా వేస్తం, గ్లాసుడు శనగలకు పావు చెంచా, నానబెట్టేటప్పుడు వేసి ఆ నీళ్ళు పారబోసి మంచి నీళ్ళల్ల ఉడకబెడితే వాసన రాదు. అల్యూమినియం గిన్నెల సోడా వేయొద్దు, గిన్నె నల్లగ అయితది, స్టీల్ల చేయాలె. అన్నం మాత్రం సోడా నీళ్ళల్ల, ఉప్పు బోరుల వండితే పసుపు పచ్చగ వస్తది, గిరాకి ముఖం చిట్లిస్తరు.

చాయ్ గురించి కూడా చెప్త. నీళ్ళు క్షారం అయితే చాయ్ తొందరగ నల్లగ దిగుతది, చూడనీకి స్ట్రాంగ్ ఉంటది, నోట్ల పెడితే ఆ చురుకు ఉండదు. మా దగ్గరికి గూడ ఒకాయన వచ్చి ఇదే డెమో చేసిండు, టీ పొడి సగం చాలు అన్నడు. రంగుకు సగం చాలు గానీ రుచికి చాలదు.

బర్కత్‌పుర బామ్మ | శనివారం సాయంత్రం 5:20

మనవరాలు టైపు చేసి పెడుతోంది, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మాస్టారు చెప్పిన క్షారం మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, పేరే తెలియదు. దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు ఎలా చేస్తాం? పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు వేసి వేలి కొసంత సున్నం కలిపితే చూస్తుండగానే ఎర్రగా తిరిగిపోదూ. కుంకుమ చేసేదీ పసుపులోంచే. మీ ఇంటి నీళ్ళు ఎంత క్షారమో చూడాలంటే ఏ చుక్కలూ కొనక్కరలేదు తల్లీ, చిటికెడు పసుపు చాలు.

పప్పు విషయంలో ఒక మాట. మామిడికాయ పప్పైనా చింతపండు పప్పైనా పప్పు పూర్తిగా ఉడికాకనే పులుపు వెయ్యాలి. ముందే వేస్తే పలుకు కరడు కడుతుంది. గోంగూర, చుక్కకూర వేరే ఉడకబెట్టి కలపాలి. పాలకూర పచ్చగా కనపడాలని కొందరు సోడా వేస్తారు, రంగు బాగానే ఉంటుంది కానీ ఆకు జిగురు అవుతుంది, సారం పోతుంది. మా ఇంట్లో గండిపేట నీళ్ళు వచ్చే రోజుల్లో వీటి గురించి ఆలోచించే పనే ఉండేది కాదు. ఆ నీళ్ళు తాగినవాళ్ళు ఈ ఊరు వదలరనేవారు, నేను వదల్లేదు.

కెమిస్ట్రీ మాస్టారు | శనివారం సాయంత్రం 6:00

అమ్మగారికి నమస్కారం. సారం పోతుంది అన్నది అక్షరాలా నిజం. క్షారంలో ఉడికిస్తే బి1 విటమిన్, సి విటమిన్ ఎక్కువగా నశిస్తాయి. పులుపు సంగతీ అంతే, గింజలో కణాలని అతికించి ఉంచే పెక్టిన్ ఆమ్లంలో కరగదు, అందుకే పలుకు గట్టిగా ఉంటుంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌ని పట్టుకుని బిగిస్తాయి, దాని ఫలితమే టిఫిన్ సెంటర్ అన్న చూసింది. సోడా ఆ పట్టు వదిలిస్తుంది. ఇక్కడ ఒక చిక్కు గమనించండి, ఆల్కలైన్ కార్ట్రిడ్జ్‌ల్లో చాలావాటిలో ఉండేది సున్నపురాయి జాతి గుళికలు, అంటే అవి నీళ్ళలో కలిపేది కాల్షియం, మెగ్నీషియమే. సోడా క్షారం పప్పుని మెత్తబరిస్తే ఈ క్షారం మెత్తబరచాలని లేదు. రెండూ ఆల్కలైనే, పని మాత్రం ఎదురెదురు.

నల్గొండ పిలగాడు | శనివారం రాత్రి 9:45

ఒకటి అడగాలె సార్. మాది నల్గొండ జిల్లా, ఇప్పుడు ఎల్బీనగర్‌ల ఉంటున్న. మా అమ్మమ్మ నడుము ఫ్లోరైడ్ నీళ్ళకే వంగిపోయింది. ఊర్ల మా మేనమామకు ఎవరో చెప్పిన్రట, ఈ ఆల్కలైన్ గుళికల సీసా నీళ్ళల్ల పెడితే ఫ్లోరైడ్ గూడ పోతదని. పోతదా?

కెమిస్ట్రీ మాస్టారు | శనివారం రాత్రి 10:05

పోదు బాబూ. దయచేసి ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు. పీహెచ్ పెంచడం వేరు, ఫ్లోరైడ్ తీయడం వేరు. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. దాన్ని తీయడానికి మీ జిల్లా పేరుతోనే నల్గొండ టెక్నిక్ అని ఉంది, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు తయారుచేసింది, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి తేర్చడం. ఇంట్లో అయితే సరిగ్గా పనిచేసే ఆర్ఓ తగ్గిస్తుంది. ఊళ్ళో పైపుల ద్వారా నది నీళ్ళు వస్తున్నాయా కనుక్కో, వస్తుంటే తాగడానికీ వంటకీ అవే వాడమను, బోరు ముట్టొద్దను.

నల్గొండ పిలగాడు | శనివారం రాత్రి 10:30

చెప్పిన సార్. నల్లా నీళ్ళు వస్తున్నయట, రుచి లేవని బోరు తాగుతున్నరట. మా అత్త బాగా తిట్టింది మామను. రేపటి నుంచి నల్లా నీళ్ళే.

ఉప్పల్ వదిన | ఆదివారం ఉదయం 6:50

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈరోజు రాయకుండా ఉండలేకపోతున్నాను. మా పిన్నికి రొమ్ములో గడ్డ వచ్చినప్పుడు ఒకావిడ ఇంటికొచ్చి ఆల్కలైన్ నీళ్ళలో క్యాన్సర్ బతకదని, ఇది కనిపెట్టినందుకు ఒకాయనకి నోబెల్ కూడా ఇచ్చారని చెప్పి మెషిన్ అమ్మింది. పిన్ని నాలుగు నెలలు డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. బాటిళ్ళు వరసగా పెట్టుకుని గంట గంటకీ తాగేది, గోడ మీద క్యాలెండర్‌లో టిక్కులు పెట్టుకునేది. ఆ క్యాలెండర్ నా దగ్గరే ఉంది. తర్వాత ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఉంది, కానీ నాలుగు నెలల ముందు వెళ్ళి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని డాక్టర్ అన్నారు.

మా అబ్బాయి ఆ నోబెల్ సంగతి వెతికి చూశాడు. ఆయన పేరు ఓటో వార్‌బర్గ్, 1931లో బహుమతి వచ్చిన మాట నిజం, కానీ అది కణాలు ఆక్సిజన్‌ని వాడుకునే ఎంజైమ్ మీద పరిశోధనకి. నీళ్ళకీ దానికీ సంబంధం లేదు. 2016లో బీఎమ్‌జే ఓపెన్ అనే వైద్య పత్రికలో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూశారు, ఆల్కలైన్ నీళ్ళతో క్యాన్సర్ తగ్గుతుందని గానీ రాకుండా ఉంటుందని గానీ చెప్పడానికి ఆధారం దొరకలేదు. వంటకి వాడుకోండి, తాగండి, మీ ఇష్టం. మందు బదులు మాత్రం వద్దు. మియాపూర్ కోడలు గారూ, మీ మామగారి గురించి చదివాకే ఇది రాస్తున్నాను.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్ | ఆదివారం ఉదయం 8:30

వదినా, చదివి చాలా బాధేసింది. పిన్నిగారు బాగుండాలి.

నేను ఆల్కలైన్‌ని పూర్తిగా కొట్టిపారేయొద్దని మాత్రమే అంటా. 2012లో ఒక పరిశోధన వచ్చింది, పీహెచ్ 8.8 ఉన్న సహజమైన ఊటబావి నీళ్ళు పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్‌ని పనిచేయకుండా చేశాయని. ఆమ్లం పైకి తన్నినప్పుడు గొంతుని దెబ్బతీసేది ఆ పెప్సినే. అది ల్యాబ్‌లో గాజు గొట్టంలో చేసింది, మనుషుల్లో కాదు, ఆ తేడా నాకు తెలుసు. కానీ అసలు ఏమీ లేదు అనడం కూడా కరెక్ట్ కాదు కదా మాస్టారూ?

కెమిస్ట్రీ మాస్టారు | ఆదివారం ఉదయం 9:00

కరెక్టే బాబూ. గొంతులో అంటుకున్న పెప్సిన్ మీదుగా నీళ్ళు వెళ్తాయి కాబట్టి కొంత ఉపశమనం ఉండొచ్చు అనుకోవడంలో తప్పు లేదు. మామూలు నీళ్ళు గుక్కెడు తాగినా గొంతు కడిగినట్టే అవుతుంది. నేను వద్దనేది ఉపశమనాన్ని కాదు, రెండు లక్షలని.

ఎర్రగడ్డ సిస్టర్ | ఆదివారం ఉదయం 11:15

డ్యూటీ దిగి రాస్తున్నా. నర్సుగా 19 ఏళ్ళు, అందులో ఎక్కువ కాలం డయాలసిస్ వార్డులో. మియాపూర్ కోడలు గారూ, నీళ్ళ మాట తర్వాత. 64 ఏళ్ళ మనిషి, బీపీ ఉంది, ఏడాదిగా ఛాతీలో మంట, ఇది గ్యాస్ అని ఎవరు చెప్పారు? ఒక్క ఈసీజీ తీయించారా? గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకుని పొద్దున్నే మా దగ్గరికి హార్ట్ ఎటాక్‌తో వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. నడిస్తే, మెట్లెక్కితే మంట పెరుగుతుందా, ఎడమ చెయ్యో దవడో లాగుతుందా, చెమటలు పడుతున్నాయా అడగండి. ఉంటే ఆదివారం అని చూడకండి, ఇప్పుడే తీసుకెళ్ళండి. లేకపోతే రేపు పొద్దున్న.

ఇక రక్తాన్ని ఆల్కలైన్ చేస్తుంది అనే మాట. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45, దాన్ని అక్కడే పట్టి ఉంచేది ఊపిరితిత్తులు, కిడ్నీలు. నీళ్ళతో అది కదలదు. నిజంగా కదిలితే ఐసీయూలో ఉంటాం. కిడ్నీలు బాగా లేనివాళ్ళు మాత్రం ఏ మినరల్ నీళ్ళైనా డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు, వాళ్ళకి ప్రతి లవణమూ లెక్కే. కిడ్నీలో రాళ్ళకి మంచిదని కూడా అమ్ముతున్నారు, 2024లో అమెరికాలో యూరాలజిస్టులు బాటిల్ ఆల్కలైన్ నీళ్ళు పరీక్షించి చూస్తే, పీహెచ్ 10 దాకా ఉన్నా, మూత్రం పీహెచ్ మార్చేంత క్షారం వాటిలో లేదని తేలింది. మాస్టారు నిమ్మకాయ దగ్గర చెప్పిన మాటే.

తినే సోడా మంచిదని మళ్ళీ అందరూ అటు పరుగెత్తకండి. పావు చెంచాలో సుమారు 300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 దాటొద్దని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది. బీపీ ఉన్న మామగారికి సోడా నీళ్ళు పట్టకండి.

మియాపూర్ కోడలు | ఆదివారం మధ్యాహ్నం 12:05

సిస్టర్ గారూ చదవగానే వెళ్ళి అడిగాను. మెట్లెక్కితే రాదట, భోజనం చేసి పడుకుంటేనే వస్తుందట, చెయ్యి లాగడం లేదట. అయినా రేపు తొమ్మిదికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఏడాది నుంచి ఒక్కరం కూడా ఈసీజీ అనుకోలేదు, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

మియాపూర్ కోడలు | ఆదివారం రాత్రి 9:20

ఈరోజు మధ్యాహ్నం నుంచి వంటింట్లోనే ఉన్నాను, మా పాప నోట్‌బుక్ పట్టుకుని పక్కన. మూడు రకాల నీళ్ళు తీసుకున్నాం. మా ఆర్ఓ, లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగాయో చూపించే టీడీఎస్ మీటర్‌లో 40. పక్కింటి వాళ్ళు ఆల్రెడీ కార్ట్రిడ్జ్ పెట్టించుకున్నారు, వాళ్ళ నీళ్ళు 78, రంగు చుక్కలతో 9 పైన చూపించింది. మా బోరు 870.

మొదట నిమ్మకాయ. ఆల్కలైన్ గ్లాసులో రంగు చుక్కలు వేస్తే మంచి ఊదా రంగు. ఇంక్ ఫిల్లర్‌తో నిమ్మరసం ఒక్కో చుక్క వేశాం. రెండో చుక్కకి నీలం తగ్గింది, మూడో చుక్కకి ఆకుపచ్చ, ఐదో చుక్కకి పసుపు పచ్చ. ఐదు చుక్కలండీ! అరచెక్కలో ఇంకా పిండాల్సిన రసం అంతా అలాగే ఉంది. పాప అమ్మా అయిపోయిందా అంది. అదే గ్లాసు నీళ్ళలో చిటికెడు తినే సోడా వేసి మళ్ళీ మొదలుపెడితే ముప్పై చుక్కలు దాటినా ఆకుపచ్చ రంగు దగ్గరే ఉంది, అక్కడ లెక్క ఆపేశాం.

తర్వాత బామ్మగారి పసుపు. ఆర్ఓలో లేత పసుపు, ఆల్కలైన్‌లో కాస్త ముదురు పసుపు అంతే, సోడా నీళ్ళలో ఎర్ర నారింజ రంగు, మా అత్తగారి డబ్బాలో తాంబూలం సున్నం వేస్తే అచ్చం ఎర్రనీళ్ళు.

కందిపప్పు, ఒకే ప్యాకెట్‌లోది, అరగంట నానబెట్టి, కుక్కర్ కాకుండా గిన్నెలో మూత పెట్టి ఒకే సైజు మంట మీద. ఆర్ఓ 36 నిమిషాలకి వేలితో నొక్కితే పిండి అయింది. ఆల్కలైన్ 41 నిమిషాలు. బోరు గంట దాటాక కూడా మధ్యలో పలుకు తగిలింది, పైన తెల్లటి తేట. ఐదు నిమిషాల తేడా పెద్దది కాదు, అది మంట తేడా అయినా కావచ్చు, కానీ ఆల్కలైన్ తొందరగా ఉడికిస్తుంది అని డెమో వాళ్ళు చెప్పింది మాత్రం మా ఇంట్లో జరగలేదు. మాస్టారు నిన్న చెప్పినట్టే అయింది.

అన్నం ఆర్ఓలో తెల్లగా, ఆల్కలైన్‌లో దాదాపు అంతే, బోరులో స్పష్టంగా పసుపు పచ్చగా వచ్చింది. డికాషన్ ఆల్కలైన్‌లో నల్లగా దిగింది, బోరు దాని మీద తెట్టు కట్టింది. పాలు పోశాక ఆర్ఓ దానికీ ఆల్కలైన్ దానికీ తేడా మా అత్తగారు కనిపెట్టారు, మామగారు కనిపెట్టలేదు.

రాగిజావ మూడింట్లోనూ ఒకేలా కుదిరింది.

టిఫిన్ సెంటర్ అన్న | ఆదివారం రాత్రి 10:00

మస్తు చేసినవ్ చెల్లె! ఆ గంట దాటిన బోరు పప్పు పారబోయకు, ఫ్రిజ్‌ల పెట్టి రేపు మిక్సీ పట్టి దోసెపిండిల కలుపు, కరకరలాడతది.

కెమిస్ట్రీ మాస్టారు | సోమవారం ఉదయం 6:30

పాపకి నా ఆశీస్సులు, చుక్కలు లెక్కపెట్టి రాసుకోవడం ఇంటర్ పిల్లలు కూడా సరిగ్గా చెయ్యరు. దీన్నే టైట్రేషన్ అంటారని చెప్పండి.

రాగిజావ మీద ఒక్క లెక్క. మీ ఆర్ఓకి, పక్కింటి నీళ్ళకి టీడీఎస్ తేడా 38. అంటే ఆ కార్ట్రిడ్జ్ లీటరు నీళ్ళకి కలిపిన లవణాలన్నీ కలిపినా సుమారు 38 మిల్లీగ్రాములు, అందులో కాల్షియం ఇంకా తక్కువ. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ వాళ్ళు 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. కాల్షియం జావలో ఉన్న రాగిపిండిది, పోసిన నీళ్ళది కాదు. జావలో నిమ్మరసం కలిపితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, అంటే అక్కడ మనకి కావలసింది పులుపే.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్ | సోమవారం ఉదయం 7:10

అక్కా నేను కూడా ఈరోజు నా కార్ట్రిడ్జ్ చూసుకున్నా, మార్చి 14 నెలలు అయింది, ఆరు నెలలకి మార్చాలని దాని మీదే రాసి ఉంది. చుక్కలతో చూస్తే మామూలు ఆర్ఓ రంగే. అంటే ఇన్ని నెలలుగా నాకు తగ్గింది దేనివల్లో... మూడింటి టీ మానేసినందుకే అనుకుంటా. ఆ గుళికలు తీసేసి బాడీ కడిగించాలి, లోపల జిగటగా ఉంది. వాడుతున్నవాళ్ళు దయచేసి ఒకసారి విప్పి చూసుకోండి.

మియాపూర్ కోడలు | బుధవారం సాయంత్రం 6:45

అప్‌డేట్ ఇస్తున్నా. ఈసీజీ, టూడీ ఎకో రెండూ నార్మల్. యాసిడ్ పైకి తన్నడమే అన్నారు, నెల రోజులకి మాత్ర రాశారు, రాత్రి భోజనం ఏడున్నరకల్లా, తల వైపు మంచం కాళ్ళ కింద ఇటుకలు. తొమ్మిదిన్నరకి పెరుగన్నం తిని వెంటనే పడుకునే అలవాటు ఏళ్ళ తరబడి ఉంది, దాన్ని మాన్పించడమే ఇప్పుడు మా అత్తగారి డ్యూటీ. ఆల్కలైన్ నీళ్ళు తాగొచ్చా అని మామగారే అడిగారు, రుచి నచ్చితే తాగండి మాత్ర మానకండి అన్నారు.

మెషిన్ ఆలోచన వదిలేశాం, కార్ట్రిడ్జ్ కూడా తీసుకోలేదు. మా ఫ్లోర్ ఆరు ఇళ్ళ వాళ్ళం కలిసి బోరు, ట్యాంకర్ నీళ్ళు రెండూ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాం, హార్డ్‌నెస్, ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా అన్నీ చూడమని. శుక్రవారం రిపోర్ట్ వస్తుంది, వచ్చాక ఇక్కడే పెడతాను, మాస్టారు చదివి చెప్పాలి. నల్లా నీళ్ళు వచ్చే రోజు రెండు స్టీల్ బిందెలు వంటకి విడిగా పట్టి మూత పెడుతున్నాను. ఈరోజు ఆ నీళ్ళతోనే మామిడికాయ పప్పు, ముక్కలు చివర్లో వేశాను బామ్మగారూ.

బర్కత్‌పుర బామ్మ | బుధవారం రాత్రి 7:30

ఇంగువ వేశావా?

మియాపూర్ కోడలు | బుధవారం రాత్రి 7:34

వేశానండి, ఎండుమిర్చి, వెల్లుల్లి కూడా. మామగారు ఏడుంపావుకే కూర్చున్నారు.